గుత్తకిచ్చిన ఎండ

పాత కారులో ఏసీ బాగుచేయించాలని ఎందుకంత పట్టుదల అంటే ఇంట్లో ఒకలా చెప్పాను, మెకానిక్‌కు ఇంకోలా చెప్పాను. ఇంట్లో అమ్మ పేరు చెప్పాను. ఎనభై దాటిన మనిషి, మోకాళ్ళు వంగవు, ఆసుపత్రికని హిందూపురం తీసుకుపోతూ ఉండాలి, ఈ ఎండకు ఎట్లా తట్టుకుంటుంది అన్నాను. మెకానిక్‌తో, వాడకుండా వదిలేస్తే కంప్రెసర్ పట్టేస్తుంది కదా, ఉన్నదాన్ని కాపాడుకుందాం అన్నాను. రెండూ నిజాలే. వాటి వెనక మూడో నిజం ఒకటి ఉంది. దాన్ని ఎవరికీ చెప్పలేదు, చాలా కాలం నాకు నేనూ చెప్పుకోలేదు. అద్దాలు ఎత్తుకుని మా ఊరి దారుల్లో పోవాలని నాకు ఉండేది.

ఇందులో దాచుకోవలసింది ఏముందని బయటివాళ్ళకు అనిపించవచ్చు. మా పావగడ తాలూకా తుమకూరు జిల్లాలోదే గానీ చుట్టూ దాదాపు ఆంధ్ర నేలే. మధుగిరి మీదుగా తుమకూరు పోవాలంటే మధ్యలో మడకశిర వైపు నేల దాటి పోవాలి. ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడ. ఏరు అంటే నాగలమడిక దగ్గర ఉత్తర పినాకిని, అందులోనూ ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. కొండలన్నీ గుండ్లు. చెట్టు నీడ ఊళ్ళో ఉంటే ఉంటుంది, చేలగట్ల మీద అరుదు. పల్లెలకు బస్సులు తక్కువ. మార్చి దాటాక మిట్టమధ్యాహ్నం ఏ దారిన పోయినా రోడ్డు పక్కన ఎవరో ఒకరు నిలబడి ఉంటారు. రేషన్ బియ్యం మూటతో ఒక ముసలామె, పరీక్ష రాసి వచ్చే పిల్లలు, వై.ఎన్. హొసకోటలో చీరలు నేసి మూట తెచ్చే నేతగాడు. అద్దాలు దించిన కారు కనిపిస్తే చెయ్యెత్తుతారు. "ఐవారూ, యాటికి?" అని పిలుస్తారు. పిలిచాక ఆగకుండా పోవడం ఈ నేలలో పుట్టినవాడికి సాధ్యం కాదు. అద్దాలు ఎత్తిన కారును ఎవరూ పిలవరు. అది శనివారం శనీశ్వరుడి గుడికని బెంగళూరు నుంచి వచ్చిన కారనుకుంటారు. లోపల ఉన్నది తమ మనిషి కాదనుకుని చెయ్యి దించేస్తారు.

అలా వాళ్ళు అనుకోవడమే నాకు కావలసింది. ముప్పై ఏళ్ళకు పైగా హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి. సగం తాలూకా నన్ను గుర్తుపడుతుంది. రిటైరయ్యాక ఆ గుర్తుపట్టడమే బరువైంది. ఒకరు పిల్లవాడి సీటు సంగతి అడుగుతారు, ఒకరు అర్జీ రాసిమ్మంటారు, ఒకరు ఊరికే వెనక సీట్లో కూర్చుని వానల సంగతి మాట్లాడతారు. చల్లగాలి కంటే ముందు నేను కోరుకున్నది ఆ మాటలు వినపడకపోవడం. చల్లగాలి దానికి మర్యాదైన కారణం అయింది.

కారు 1990ల చివరిది. ఎఫ్‌సీ తిరగరాయించుకుంటూ నడుపుతున్నాం. ఇంజను గట్టిది. ఏసీ మాత్రం ఏటా మార్చిలో గ్యాస్ పట్టిస్తే జూన్ దాకా నడిచేది, మళ్ళీ మార్చికి వట్టి గాలి. మా వైపు పాత కార్లున్న వాళ్ళందరిదీ ఇదే వరస. ఉగాది ముందు గ్యాస్ పట్టించడం పండక్కి ఇల్లు సున్నం కొట్టించడంతో పాటు చేసే పని. గ్యాస్ ఎందుకు పోయింది, ఎటు పోయింది అని ఎవరూ అడగరు.

పిల్లలకు నేను పాఠం చెప్పేవాణ్ణి: చల్లదనం అనేదాన్ని ఏ యంత్రమూ పుట్టించలేదు, వేడిని ఒకచోట తీసి ఇంకోచోట పెడుతుంది, అంతే. ద్రవం ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని తీసుకుంటుంది. ఆ ఆవిరి మళ్ళీ ద్రవమయ్యేటప్పుడు తీసుకున్న వేడిని వదిలేస్తుంది. కారు ఏసీలో వాడే ఆర్-134ఏ గ్యాస్ మామూలు గాలి ఒత్తిడిలో సున్నాకు 26 డిగ్రీలు కిందనే మరిగిపోతుంది. డ్యాష్‌బోర్డు వెనక ఉండే కూలింగ్ కాయిల్‌లో అది ఆవిరై మన ముఖానికి తగిలే గాలిలోని వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని నొక్కి, బయటి ఎండ కంటే వేడెక్కించి, కారు ముక్కు దగ్గరున్న కండెన్సర్‌కు తోస్తుంది. అక్కడ బయటి గాలి తగిలి గ్యాస్ ద్రవమవుతుంది, వేడి బయటికి పోతుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వు సన్నటి రంధ్రంలోంచి ఆ ద్రవం మళ్ళీ కాయిల్‌లోకి. ఈ చక్రంలో ఒక లెక్క ఉంది: బయటికి పోయే వేడి ఎప్పుడూ లోపల తీసిన వేడి కంటే ఎక్కువే. కంప్రెసర్ చేసిన పని కూడా వేడిగా మారి దానితో కలుస్తుంది. ఇల్లు ఊడ్చి ఆ చెత్తకు ఇంకో దోసెడు మన్ను కలిపి పొరుగింటి వాకిట్లో పోసినట్టు. ఈ సమీకరణాన్ని ఎన్ని బ్యాచ్‌లకు బోర్డు మీద రాశానో. ఆ రెండో వైపున, బయట అని రాసిన చోట, ఎవరైనా నిలబడి ఉంటారేమో అని ఒక్క పిల్లవాడూ అడగలేదు. నాకూ తోచలేదు.

హిందూపురంలో ఏసీ పని మాత్రమే చేసే ఒక కుర్రవాడి దగ్గరికి తీసుకుపోయాను. గ్యాస్ పట్టమన్నాను. అతను పట్టలేదు. "గ్యాస్ ఆఖర్న చూద్దాం సార్. ముందు గాలి సంగతి తేల్చాల" అన్నాడు. ఇంజను ఆడుతుండగా బానెట్ ఎత్తి, కండెన్సర్ ముందు ఒక కాగితం ముక్క పెట్టాడు. ఫ్యాను సరిగ్గా లాగితే కాగితం అంటుకుని నిలవాలి. కిందికి జారిపోయింది. రోడ్డు మీద పోయేటప్పుడు కాస్త చల్లగా ఉండి, గేటు దగ్గరో సంతలోనో ఆగగానే వేడిగాలి కొడుతుందంటే ముందు అనుమానించాల్సింది కండెన్సర్ ఫ్యానునే అని అతను చెప్పాడు. మోటారు బాగానే ఉంది. పాతికేళ్ళ వైర్లలో, తుప్పు పట్టిన కనెక్టర్లలో కరెంటు సగం దారిలోనే అరిగిపోతోంది. బ్యాటరీ నుంచి నేరుగా కొత్త వైరు, ఫ్యూజు, రిలే వేస్తే అదే ఫ్యాను రెట్టింపు చప్పుడుతో తిరిగింది.

తర్వాత కండెన్సర్. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే ఉంది. రేడియేటర్‌కూ దానికీ మధ్య సందులో టార్చి వేసి చూపించాడు. దుమ్ము, పురుగుల రెక్కలు, శెనక్కాయ పొట్టు, అన్నీ అతుక్కుని ఒక దుప్పటి కట్టి ఉంది. మా ప్రాంతంలో కోతల కాలంలో రోడ్ల మీదనే శెనక్కాయ చెట్లు ఆరబోస్తారు, వాటి మీదుగా బండ్లు పోతాయి. ఆ దుమ్మంతా ఇందులోకే వచ్చింది. కండెన్సర్‌ను కాస్త ఎడంగా జరిపి వెనక నుంచి ముందుకు, నీళ్ళు మెల్లగా పోస్తూ కడిగాడు. పంపు ఒత్తిడితో కొడితే రేకులు వంగిపోయి గాలి దారి మూసుకుంటుందట. వంగినవాటిని దువ్వెనలాంటి సాధనంతో నిలబెట్టాడు. కండెన్సర్ అంచుల చుట్టూ ఉండాల్సిన స్పాంజి పట్టీలు ఎప్పుడో రాలిపోయాయి. ఆ సందుల్లోంచి ఇంజను వేడిగాలి వెనక్కి తిరిగి మళ్ళీ కండెన్సర్ మీదికే వస్తోంది. కొత్త పట్టీలు అతికించాడు. పైసల్లో చేసే పని, చాలామంది చేయరు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది హీటర్ సంగతి. చలిదేశాల కోసం పెట్టే హీటర్ మా కారులోనూ ఉంది. ఇంజను వేడి నీళ్ళు ఒక చిన్న రేడియేటర్‌లోకి వస్తాయి, ఒక వాల్వు వాటిని ఆపి ఉంచాలి. ఆ వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదు. పైగా వేడిగాలినీ చల్లగాలినీ విడదీసే రేకు మీది స్పాంజి పొడిపొడి అయిపోయింది. అంటే ఇన్నేళ్ళూ కూలింగ్ కాయిల్ చల్లబరిచిన గాలినే పక్కనే హీటర్ మళ్ళీ వేడి చేస్తోంది. పెట్రోలు కాల్చి చల్లబరచడం, అదే పెట్రోలు వేడితో దాన్ని పాడుచేయడం. అతను హీటరుకు పోయే రెండు గొట్టాలూ తీసి ఒకదానికొకటి కలిపేశాడు. పావగడలో కారు హీటర్‌తో పనిపడే రోజు నాకు తెలిసి రాలేదు.

డ్యాష్‌బోర్డు విప్పినప్పుడు బ్లోయర్ గూట్లో ఎలుక తెచ్చి దాచుకున్న శెనక్కాయ తొక్కలు గుప్పెడు బయటపడ్డాయి. ఆ కాలపు కారుకు గాలి ఫిల్టర్ లేదు గనక కూలింగ్ కాయిల్ మీద దుమ్ము నేరుగా పేరుకుని గాలి దారి మూసింది. కడిగాక బ్లోయర్ రెండో నంబరులోనే నాలుగో నంబరు గాలి వచ్చింది. బెల్టు బిగించాడు, మాగ్నెటిక్ క్లచ్ సందు సరిచేశాడు. ఇవి తొందరగానే అయిపోయాయి.

ఇంత పనీ అయ్యాక గానీ గ్యాస్ మాట ఎత్తలేదు. అప్పుడు అతను చెప్పిన సంగతి ఇది: మా కారు మొదట ఆర్-12 గ్యాస్‌తో వచ్చింది. ఎప్పుడో ఒక ఊళ్ళో ఎవరో దాన్ని ఆర్-134ఏకు మార్చారు, కానీ పాత ఆయిల్ తీయలేదు. పాత మినరల్ ఆయిల్ ఈ కొత్త గ్యాస్‌తో కలవదు. కలవకపోతే కంప్రెసర్‌కు తిరిగి చేరక అరుగుదల మొదలవుతుంది. పైగా కొత్త గ్యాస్‌కు కండెన్సర్ పెద్దది కావాలి. పాతకాలపు పాములాంటి గొట్టపు కండెన్సర్ తీసేసి, సన్నటి దారులు పక్కపక్కనే ఉండే ప్యారలల్ ఫ్లో రకం పెట్టమన్నాడు. పెట్టించాను. పాతదాన్ని కడగడానికి అంత కష్టపడ్డామే అనిపించింది గానీ, కడిగితే ఎంత తేడా వచ్చిందో చూశాకనే కొత్తది ఎందుకు కావాలో నాకు అర్థమైంది.

ఆర్-12 పేరు వినగానే నా పాఠాలు గుర్తొచ్చాయి. 1974లో మోలీనా, రౌలాండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ జాతి వాయువులు పైకి పోయి ఓజోన్ పొరను తింటాయని చెప్పారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం జరిగింది, 1992లో మన దేశం చేరింది, 2008లో మన దగ్గర వీటి తయారీ ఆగింది. క్రుట్సెన్‌తో కలిపి వాళ్ళకు 1995లో నోబెల్ వచ్చింది. ఇదంతా పిల్లలకు చెప్పాను, నోట్సు రాయించాను. ఓజోన్‌ను కాపాడటానికి వచ్చిన ఆర్-134ఏ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే వందేళ్ళ లెక్కన సుమారు 1,400 రెట్లు బలమైనదని కూడా నాకు తెలుసు. 2016లో కిగాలీలో దీన్నీ తగ్గించాలని దేశాలు ఒప్పుకున్నాయి, 2021లో మనమూ ఆమోదించాం. తెలిసినదాన్ని నా బానెట్ కిందికి ఎప్పుడూ తేలేదు. ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. మా కారులో పట్టేది అరకిలో అటూ ఇటూ. అరకిలో గాలిలో కలిస్తే 700 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. లీటరు పెట్రోలు కాలిస్తే వచ్చేది రెండుంబావు కిలోలు దాటి ఉంటుంది. అంటే కారులోంచి చప్పుడు లేకుండా కారిపోయిన ఆ అరకిలో, 300 లీటర్ల పెట్రోలు కాల్చినంత. మా చిన్న కారు 300 లీటర్లతో నాలుగు వేల కిలోమీటర్లు పైగా తిరుగుతుంది. నేను అంత తిరగని ఏళ్ళు ఉన్నాయి. పొగ కనిపించదు, వాసన రాదు గనక నా ఖాతాలో రాసుకోలేదు, అంతే.

అందుకని లీకు పట్టుకోనిదే గ్యాస్ వద్దని నేనే అన్నాను. అతను నైట్రోజన్ ఒత్తిడి పెట్టి, జాయింట్ల మీద సబ్బు నురగ పూశాడు. ఒక గొట్టం మడత దగ్గరా, గ్యాస్ పట్టే వాల్వు మూత దగ్గరా బుడగలు లేచాయి. రబ్బరు రింగులు మార్చాడు, గొట్టం మార్చాడు, పాత ఆయిల్ కడిగి కొత్తది పోశాడు, తేమను పట్టే డ్రయర్ మార్చాడు. అరగంట దాటి వాక్యూమ్ పంపు నడిపాడు. లోపల తడి మిగిలితే వాల్వు దగ్గర మంచుగడ్డ కట్టి దారి మూస్తుంది, గ్యాస్‌తో కలిసి ఆమ్లమై గొట్టాలను తింటుంది. గ్యాస్‌ను గేజు చూసి ఉజ్జాయింపుగా పట్టకుండా త్రాసు మీద తూచి పట్టాడు. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుందని నాకు అప్పుడే తెలిసింది.

గాలి వచ్చే జాలీలో థర్మామీటర్ పెట్టి చూశాం. బయట 39 డిగ్రీలు. పనికి ముందు 19 చూపినది, పని అయ్యాక 9కి దిగింది. ఇంకో విషయం: మా ఎండ పొడి ఎండ. చెన్నైలో అయితే ఏసీ బలంలో పెద్ద భాగం గాలిలోని తేమను పిండటానికే పోతుంది, కారు కింద నీళ్ళు మడుగు కడతాయి. పావగడలో ఆ నీళ్ళు చుక్కలే. తేమ పని తక్కువ గనక ఇక్కడ పాత ఏసీ కూడా బాగా పనిచేయాలి. చేయలేదంటే లోపాన్ని ముందు బయటికి వేడిని పారదోలే చోట వెతకాలి. మా నాయన కట్టిన మట్టి మిద్దె కూడా ఈ పొడి గాలిని నమ్ముకున్నదే. పైన చౌడు మన్ను మందంగా పరిచి, గవాక్షిలోంచి వేడిగాలిని పైకి పంపేవాళ్ళు. తడిపిన గుడ్డ చుట్టిన కుండలో నీళ్ళు జిల్లుమనేవి. తీసిన వేడి అక్కడా ఆవిరితో బయటికే పోయేది, కానీ కంప్రెసర్ లేదు గనక అదనంగా ఏమీ కలిసేది కాదు.

అద్దాలకు ఫిల్ము వేయిద్దామనుకున్నాను. నల్ల ఫిల్ముల మీద 2012లోనే సుప్రీంకోర్టు నిషేధం పెట్టింది, వద్దన్నాడు కుర్రవాడు. వినగానే నాకు నిరాశ కలిగింది. ఎండ ఎక్కువ పడుతుందన్న నిరాశ అనుకున్నాను. నిజానికి లోపలి మనిషిని ఎవరూ గుర్తుపట్టకూడదనే ఆశ పోయినందుకు అది.

బాగుపడిన ఏసీతో ఆ వేసవి గడిచింది. చెయ్యెత్తేవాళ్ళు తగ్గిపోయారు. కోరుకున్నది దొరికింది, కొన్నాళ్ళు దాన్ని అనుభవించాను కూడా. ఒకరోజు పావగడ బస్టాండు దగ్గర మందుల షాపు ముందు అమ్మ కోసం ఇంజను ఆపకుండా కూర్చున్నాను. ఆమె వచ్చేసరికి కారు చల్లగా ఉండాలని. కండెన్సర్ మీది నుంచి వచ్చే వేడిగాలి ఇంజను మీదుగా కిందికి దిగి ముందు చక్రాల పక్కనుంచి బయటికి వస్తుంది. ఆ పక్కనే మల్లెపూలు అమ్మే ఆమె కూర్చుంది. బుట్ట మీద తడిగుడ్డ కప్పి ఉంది. ఆమె ఒకసారి కారు వైపు చూసి, బుట్టను రెండు చేతులతో పట్టుకుని అవతలికి జరిగింది. నన్ను ఒక్క మాట అనలేదు. రోజూ ఎవరో ఒకరు ఇలా నిలబెడతారు గనక అలవాటై ఉంటుంది. ముప్పై ఏళ్ళు బోర్డు మీద రాసిన సమీకరణంలో రెండో వైపున ఉన్నది ఈమే. నేను ఇంజను ఆపానా అంటే, అప్పుడు ఆపలేదు. అమ్మ వస్తున్నది కనిపించింది.

ఇది చదివి ఏసీ పాపమనీ, ఎండలో మాడటం పుణ్యమనీ నేను అంటున్నానని ఎవరూ అనుకోవద్దు. ఎండదెబ్బ మనుషుల్ని చంపుతుంది. ముసలివాళ్ళకు చెమట తక్కువ, దప్పిక సరిగా తెలియదు. అమ్మకు ఆ చల్లగాలి అవసరమే. సరిగా బాగుచేసిన ఏసీ, కారుతున్న ఏసీ కంటే తక్కువ పెట్రోలు తాగుతుంది, గాలిలోకి తక్కువ గ్యాస్ వదులుతుంది. నాకు పట్టుకున్న సమస్య వేరు. ఆ బాగుచేయించిన డబ్బు ఎక్కడిది?

ఆ డబ్బు ఎండదే. తిరుమణి, వల్లూరు, బళసముద్రం, రాయచెర్లు, క్యాతగానచెర్లు ఊళ్ళ పొలిమేరల్లో సుమారు 13,000 ఎకరాల్లో సోలార్ పార్కు ఉంది. 2018లో మొదలై, 2019 చివరికి మొత్తం 2,050 మెగావాట్లకు చేరింది. భూములు కొనలేదు. రైతుల దగ్గర గుత్తకు తీసుకున్నారు, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలుపెట్టి, రెండేళ్ళకోసారి 5 శాతం పెంచేటట్టు. వానలు తప్పి, బోర్లు ఎండి, నీళ్ళలో ఫ్లోరైడుతో ఎముకలు వంగిన తాలూకా మాది. శెనక్కాయ వేసి పెట్టుబడి కూడా రాని రైతుకు అది చిన్న మొత్తం కాదు. ఆ పార్కులో మా ఏడెకరాలు ఉన్నాయి, అన్నకూ నాకూ సగం సగం. మిట్టమధ్యాహ్నం ఒక చదరపు మీటరు నేల మీద పడే ఎండ సుమారు వెయ్యి వాట్లు. దాన్ని మేం గుత్తకిచ్చాం. ఆ గుత్త డబ్బుతో, అదే ఎండ నా ఒంటికి తగలకుండా కండెన్సర్ కొన్నాను, గొట్టం కొన్నాను, తూచి గ్యాస్ పట్టించాను. వింతేమిటంటే పార్కులోని ఆ సోలార్ పలకలకు కూడా వెలుగు కావాలి గానీ వేడి పడదు. 25 డిగ్రీలు దాటి పలక వేడెక్కే ప్రతి డిగ్రీకీ దాని ఉత్పత్తి ఇంచుమించు 0.4 శాతం తగ్గుతుంది.

భూమి నా పేరున ఉంది గానీ, నేను ఏనాడూ దాన్ని దున్నలేదు. బడికి పోయేవాణ్ణి. దాన్ని కోరుకు చేసింది వేరే ఇంటివాళ్ళు, నాయన కాలం నుంచీ. ఆ ఇంటి పెద్ద నాకంటే పదేళ్ళు పెద్దవాడైనా నన్ను "సామీ" అంటాడు. కాయ రాలిన ఏడాది మాకు సగం తెచ్చి ఇంట్లో పోసి పోయేవాడు, రాలని ఏడాది ఆయనే నష్టపోయేవాడు. పార్కు వచ్చినప్పుడు కాగితాల మీద ఉన్నది నా పేరు, అన్న పేరు. గుత్త మాకు వచ్చింది. కోరుదారుకు రాలేదు, కూలివాళ్ళకూ రాలేదు, గొర్రెలు మేపేవాళ్ళకు బీడు పోయింది. ఆయన కొడుకులు బెంగళూరులో కట్టుబడి పనికి పోయారు. ఎండలోనే. ఇందులో చట్టం ప్రకారం నేను చేసిన తప్పు ఏదీ లేదు, ఆ మాట చాలాసార్లు చెప్పుకున్నాను. అన్నిసార్లు చెప్పుకోవలసి రావడమే నన్ను ఇబ్బంది పెడుతోంది. కారులో నేను చేసింది, చేనుతో మేం చేసింది ఒకే పని అనిపిస్తుంది. లోపల హాయి మిగిలింది, బయటికి పోయింది మాత్రం వాళ్ళ మీద పడింది. రెండు చోట్లా ఎవరినీ అడగలేదు, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

అమ్మకు ఇవేవీ వివరించలేదు. ఆమే ఒకరోజు వెనక సీట్లోంచి అంది, "ఆపితే ఏమైంది నాయనా, గాలి కరిగిపోతుందా?" రోడ్డు పక్కన నిలబడిన మనిషిని ఆమె నాకంటే ముందు చూసింది. ఆపాను. తలుపు తీస్తే చల్లగాలి పోతుంది, నిజమే. రెండు మూడు నిమిషాల్లో మళ్ళీ వస్తుంది, అదీ నిజమే. ఇప్పుడు ఇంకో పద్ధతి పెట్టుకున్నాను. ఎండలో నిలిపిన కారు లోపలి గాలి బయటి గాలి కంటే ఎంతో వేడిగా ఉంటుంది. ఏసీ వేసి వెంటనే అద్దాలు ఎత్తడం దండగ. మొదట అన్ని అద్దాలూ దించి నడపాలి, లోపలి వేడి పోయాక ఎత్తి, బయటి గాలి తీసుకోకుండా లోపలి గాలినే తిప్పే మీట వేయాలి. ఏసీ కుర్రవాడు చెప్పిన ఈ పద్ధతి వల్ల ఊరు దాటేదాకా మా కారు అద్దాలు దించే ఉంటాయి. పిలిచేవాళ్ళు పిలుస్తున్నారు. కొన్ని రోజులు విసుగుగానే ఉంటుంది, దాన్ని దాచను. బస్టాండులో మాత్రం ఇంజను ఆపేస్తాను, చింతచెట్టు నీడ దొరికేదాకా చుట్టు తిరిగైనా.

కంప్రెసర్ ముందు సీలులోంచి ఇంకా కాస్త గ్యాస్ పోతూనే ఉంది. వచ్చే వేసవికి కంప్రెసర్ మార్చాలంటున్నాడు కుర్రవాడు. ఆ డబ్బూ గుత్త నుంచే రావాలి. అదే గుత్తలో కోరుదారు వాటా ఎంతన్నది కూడా నా ముందున్న లెక్క. పాత పద్ధతిలో సగం. నా సగంలో సగం ఇవ్వడానికి అన్న అనుమతి అక్కర్లేదు. అయినా అన్నకు చెప్పి ఇవ్వాలని ఉంది, ఎందుకంటే ఆయన సగం సంగతి కూడా ఎత్తకపోతే నేను నా మనసు ఒక్కటే చల్లబరుచుకున్నవాణ్ణి అవుతాను. ఆయన ఒప్పుకోడని నా అనుమానం. ఉగాదికి వస్తున్నాడు, అప్పుడు మాట్లాడతాను. కంప్రెసర్ సంగతి ఆ తర్వాత.